గాలి ఒప్పుకుంటే

ముప్పై ఒక్క ఏళ్ళు
పిరయస్ రేవులో, ఏడో గేటు పక్కన,
అద్దంలో కోసిన అరచేతంత కంతలోంచి
నేను దీవులు అమ్మాను.

శాంతోరిని రెండు. మికొనోస్ నాలుగు.
కారుతో సహా పారోస్ ఒకటి.
చిల్లర లెక్కపెడుతూ, తల ఎత్తకుండానే చెప్పేదాన్ని:
కుడివైపు ఓడ, ఏడున్నరకి, పరుగెత్తండి.
పరుగెత్తినవాళ్ళు వారానికి ఎండకి కమిలి తిరిగొచ్చేవారు.
నేను సాయంత్రం బస్సెక్కి నీకెయాకి,
ఎండ తగలని మూడో అంతస్తుకి.

ఉద్యోగం అయిపోయింది.
వంటగది బల్ల మీద ఓడల టైంటేబుల్ పరిచి
మూలకో బరువు పెట్టాను:
ఉప్పు డబ్బా, కాఫీ కాచే ఇత్తడి గిన్నె, కళ్ళజోడు పెట్టె,
సిగరెట్లు మానేశానని ఒట్టేసి స్తమాతిస్ దాచుకున్న లైటర్.
"నేనెక్కడికీ రాను" అన్నాడు ముందే.
ఇరవై ఏళ్ళు ఓడల్లో వంట చేసినవాడు,
సముద్రం మాటెత్తితే
ఉల్లిపాయ తరుగుతున్న మొహం పెడతాడు.

పెద్ద దీవుల వరసలు వేలితో దాటేశాను.
అట్టడుగున, కళ్ళు చికిలిస్తే గానీ అందని అచ్చులో
ఒక పేరు.
మంగళవారం, శుక్రవారం. పదమూడు గంటలు.
పక్కన చుక్క గుర్తు: గాలి ఒప్పుకుంటే.

ఇన్నేళ్ళలో ఆ టికెట్లు ఎన్ని చింపానో
వేళ్ళ మీద చెప్పగలను.
ఒక టీచరమ్మ, ఏడుస్తూ.
ఒక శవపేటిక వెంట ముగ్గురు.
తేనెపెట్టెలతో ఒక ముసలాయన,
తిరుగు టికెట్ అడగలేదు.

దాని పేరు మీకు చెప్పను.
అమ్మడం మానేశానుగా.

ఫోన్ చేశాను. అక్కడ గది అద్దెకిచ్చేది ఒక్కతే, కిరియాకూల.
ఎంతసేపటికో ఎత్తింది, మేకల్ని అదిలిస్తూ.
"ఇక్కడేముందని వస్తావు?"
"ఏమీ లేదనే."
నవ్విందో, గాలి చప్పుడో, తెలియలేదు.
"మా బాధా అదే" అంది.

ఇద్దరు పిల్లలే మిగిలారని బడి మూసేశారట.
డాక్టరు నెలకోసారి, అదీ అలలు ఊరుకుంటే.
చలికాలం రాత్రుళ్ళు కిటికీలోంచి
దీపాలు లెక్కపెట్టుకుని పడుకుంటుందట.
తొమ్మిది.
నిరుడు పదకొండు.

ఏ నిశ్శబ్దం కొనుక్కుందామని నేను డబ్బు దాచానో
దాన్ని ఆమె పొద్దున్నే లేచి ఊడుస్తోంది,
ఎంత ఊడ్చినా గుమ్మంలోకి మళ్ళీ వస్తోంది.

"ఎలాగూ వస్తున్నావు, రాసుకో" అంది.
చెవి మిషన్ బ్యాటరీలు ఆరు, సన్నవి.
కుట్టు మిషన్ బెల్టు ఒకటి.
ఈస్టు, చచ్చినది కాదు, ప్రాణమున్నది.
ఫాదర్ లెఫ్తేరిస్ మోకాళ్ళకి మందు,
పచ్చ గొట్టం, ఎర్రది పనిచేయదు.
ఇంకా, కాస్త ఆగి,
ఎవరైనా చదివి పారేసిన పత్రికలు.
పాతవైనా ఫర్లేదు, మాకు కొత్తవే.

పెద్ద టోపీ పెట్టెలోంచి తీసేశాను.
ఈత బట్టలు ఉంచాలా వద్దా అని చాలాసేపు చూసి
ఉంచాను, మనిషినే కదా.
స్తమాతిస్ చీటీ లాక్కుని చదివాడు.
"బెల్టు కొలత అడగకుండా ఏం కొంటావే!"
తనే ఫోన్ చేశాడు. ఇద్దరూ కుట్టు మిషన్ల మీద
అరగంట కేకలేసుకున్నారు.

శుక్రవారం, కంతకి ఇవతల మొదటిసారి నిలబడ్డాను.
అద్దం వెనక పిల్ల ఆ దీవి పేరు వినలేదు.
అక్షరం అక్షరం చెప్పాను.
"మెల్తెమి లేచింది, ఇవాళ ఏ ఓడా కదలదు"
తల ఎత్తలేదు. బాగానే నేర్చుకుంది.

పెట్టె గుమ్మం దగ్గరే ఉంది.
ఈస్టు ఫ్రిజ్‌లో. దానికి ఇంకో ఐదు రోజులు.
ఎదురు మేడ మీద ఎవరిదో తెల్ల దుప్పటి
తాడు తెంచుకునేలా కొట్టుకుంటోంది.
స్తమాతిస్ బాల్కనీలో నిలబడి, ముక్కు పైకెత్తి,
దాన్నే చూస్తున్నాడు.
రానన్నవాడు.
"రేపటికి తగ్గుతుంది" అంటున్నాడు,
జేబులో లైటర్ వెతుక్కుంటూ.